మొక్కజొన్నలో జల్లు పీకేస్తే దిగుబడి పెరుగుతుందా? ఎకరాకు ఎన్ని మొక్కలు ఉంచాలి?

మీరు అడిగింది ఇదీ: వరి కోశాక జనవరి మొదటి వారంలో దున్నకుండానే రెండెకరాల్లో మొక్కజొన్న పెట్టారు. విత్తనం ఎక్కువ పడి పైరు ఒత్తుగా ఉంది. ఇప్పుడు మూడు వారాల వయసు. జల్లు (మొక్క తల మీద వచ్చే మగ పూత) బయటికి రాగానే పీకేస్తే ఆ బలమంతా కండెకు పోతుందని, ఎకరాకు ఐదారు క్వింటాళ్లు ఎక్కువ వస్తాయని ఎవరో వీడియోలో చెప్పారు. కూలీలను పెట్టి పీకించాలా, వద్దా?

వద్దండి. మీ చేలో సమస్య జల్లు కాదు, మొక్కల సంఖ్య. ఆ సంఖ్యను సరిచేసుకోవడానికి మీకింకా కొద్ది రోజులు టైం ఉంది. జల్లు వచ్చేదాకా ఆగితే ఆ అవకాశం కూడా పోతుంది. నేను ఈ రెండూ చేసి చూశాను, ఒకసారి గట్టిగా నష్టపోయాను కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది తెనాలి వైపు మాగాణి. వరి తర్వాత మినుము వేసేవాళ్లం. పల్లాకు తెగులు మాటిమాటికీ ముంచుతుంటే మా ఊళ్లో ఒక్కొక్కరే మొక్కజొన్నకు మారారు. మా అత్తగారి ఊరు ఏలూరు జిల్లా మెట్టలో. అక్కడ మా మామగారు చాలా ఏళ్లు విత్తన మొక్కజొన్న పండించారు. జల్లు పీకడం నేను మొదట చూసింది ఆ చేలల్లోనే. వాళ్లు పీకేది దిగుబడి కోసం కాదు. నాలుగు ఆడ వరసలు, రెండు మగ వరసలు వేస్తారు. ఆడ వరసల్లో ప్రతి మొక్క జల్లునూ పుప్పొడి రాలకముందే తీసేస్తారు, మగ వరసల పుప్పొడే ఆడ కండెల మీద పడాలని. ఒక్క మొక్క వదిలేసినా విత్తనం కల్తీ అవుతుంది కాబట్టి పది పన్నెండు రోజులపాటు రోజూ ఉదయాన్నే చేనంతా తిరగాలి.

ఈ చాకిరీ తప్పించుకోవడానికి అమెరికాలో ఒకప్పుడు పుప్పొడి పుట్టని ఆడ రకాలను విరివిగా వాడారు. అవన్నీ దాదాపు ఒకే మూలం నుంచి వచ్చినవి. 1970లో ఆకు ఎండు తెగులు సరిగ్గా ఆ మూలం ఉన్న మొక్కలనే పట్టుకుంది. దేశం మొత్తం మీద సుమారు 15 శాతం పంట పోయింది. మళ్లీ చేత్తో, యంత్రాలతో జల్లు తీసే పనికే వచ్చారు. ఆ పని ఎంత ఖర్చయినా ఎందుకు చేస్తారో తెలియాలని ఈ సంగతి చెప్పాను. అది విత్తనం కోసం చేసే పని.

రెండోది బేబీ కార్న్. అందులో జల్లు కనిపించగానే తీసేయాలి. గింజ కట్టకముందే, పీచు (కండె కొన నుంచి వేలాడే దారాలు) వచ్చిన రెండు మూడు రోజుల్లో లేత కండె కోస్తాం. పుప్పొడి పడి గింజ ఊరితే ఆ కండె పనికిరాదు. నాకనిపించేది, ఈ రెండు చోట్లా పీకడం చూసినవాళ్లు గింజ పంటలో కూడా పీకితే లాభమే అనుకుంటున్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

అలాగని వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు. మొక్క తల మీద జల్లు, మధ్యలో కండె ఒకే సమయంలో పెరుగుతాయి. మొక్క మొదటి వాటా తలకే ఇస్తుంది. నీళ్లు, నత్రజని, ఎండ సరిపడా ఉంటే కండెకు తక్కువేమీ కాదు. మొక్కలు కిక్కిరిసినా, నీళ్లు తగ్గినా అప్పుడు తేడా కనిపిస్తుంది. జల్లు మాత్రం టైంకు వచ్చేస్తుంది, కండె వెనకబడుతుంది. మామూలుగా జల్లు పుప్పొడి రాల్చడం మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో పీచు రావాలి. ఒత్తు చేలో అది వారం దాకా జరుగుతుంది. పీచు బయటికి వచ్చేసరికి పుప్పొడి అయిపోయి ఉంటుంది. కొన్ని మొక్కలు అసలు కండే కట్టవు. దానికి తోడు జల్లులన్నీ కలిసి పైన ఒక కప్పులా ఏర్పడి, కండెను పోషించే పై ఆకుల మీద నీడ వేస్తాయి. ఇలాంటి చేలో జల్లు తీస్తే కండెకు కాస్త ఊపిరి అందుతుంది. 1890 ప్రాంతంలోనే కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు వరస విడిచి వరస జల్లు తీసి చూశారు. ఒక ఏడాది చాలా లాభం కనిపించింది, తర్వాత అంత రాలేదు. ఇన్నేళ్లయినా ఏ దేశంలోనూ గింజ పంటలో ఇది మామూలు పద్ధతి కాకపోవడానికి కారణం అదే. లాభం వస్తే ఇబ్బందిలో ఉన్న చేలోనే వస్తుంది, అదీ అన్ని సార్లూ రాదు.

ఇక నా సంగతి. మొదటిసారి ఒక అరెకరంలో మొత్తం జల్లు పీకించాను. చుట్టూ మిగతా చేను ఉంది కదా, పుప్పొడి గాలికి వస్తుందిలే అనుకున్నాను. మూడు తప్పులు చేశాను. మొదటిది, కూలీలకు సరిగా చూపించలేదు. జల్లు ఇంకా చుట్టాకులో సగం ఉండగానే తలను పట్టి లాగారు. జల్లుతోపాటు రెండు, కొన్ని మొక్కల్లో మూడు ఆకులు ఊడొచ్చాయి. కండెకు పైనున్న ఆకులే గింజకు ఎక్కువ తిండి పెడతాయి. జల్లుకు పోయే బలం మిగుల్చుదామని పోయి, బలం తయారుచేసే ఆకులనే తీసి పారేశాను. రెండోది, ఒక్క వరసలోనూ జల్లు మిగల్చలేదు. మూడోది ఎండ. మా పైరు మార్చిలో పూతకు వచ్చింది. ఆ వారం ఎండలు మండిపోయాయి. పుప్పొడి రాలాక వేడిలో ఎంతోసేపు బతకదు. ఎక్కువ భాగం ఉదయం పూటే రాలుతుంది. చుట్టుపక్కల నుంచి వచ్చిన పుప్పొడి అరెకరం మధ్య దాకా సరిపోలేదు.

కండెలు ఒలిచి చూస్తే ఏడుపొచ్చింది. ప్రతి గింజకూ ఒక పీచు దారం ఉంటుంది, ఆ దారం మీద పుప్పొడి పడితేనే ఆ గింజ నిలుస్తుంది. మా కండెల్లో మధ్యమధ్య ఖాళీలు, కొనలు బోసిగా. పీకని పక్క చెక్కలో కండెలు కొన దాకా నిండాయి. కూలీ ఖర్చు పెట్టి మరీ దిగుబడి తగ్గించుకున్నాను.

ఆ తర్వాత మా అత్తయ్యను అడిగితే వివరంగా చెప్పింది. ఆవిడ ఇరవై ఏళ్లు ఆ పని చేయించిన మనిషి. జల్లు చుట్టాకులోంచి పూర్తిగా బయటపడాలి, కానీ విచ్చుకోకూడదు. ఆ మధ్య ఉండేది ఒకటి రెండు రోజులే. ఒక చేత్తో పై ఆకు మొదలు దగ్గర పట్టుకుని, రెండో చేత్తో జల్లు కాడను నిటారుగా పైకి లాగాలి. పక్కకు వంచితే ఆకు కూడా చీలి వస్తుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మొక్క నీరు పట్టి ఉంటుంది, కాడ టక్కున విరుగుతుంది. మధ్యాహ్నం వాడిన మొక్కను లాగితే సాగుతుంది తప్ప విరగదు. ఒక ఆకు వచ్చినా పెద్దగా నష్టం లేదు గానీ, రెండు మూడు వస్తే కండెలో కనిపిస్తుందని ఆవిడ లెక్క. పరిశోధనా కేంద్రాల్లో చూసిందీ దాదాపు అదే.

మరుసటి ఏడాది పట్టుదలగా మళ్లీ చేశాను. ఈసారి ఐదేసి సెంట్ల చెక్కలు నాలుగు కొలిచి పెట్టుకున్నాను. రెండు చెక్కల్లో మొక్కలు మామూలు దూరంలో, రెండింటిలో ఒత్తుగా. ఒక్కో రకంలో ఒక చెక్కను ముట్టుకోలేదు, రెండోదాంట్లో వరస విడిచి వరస జల్లు తీశాం, అత్తయ్య చెప్పినట్టే. మామూలు దూరం ఉన్న రెండు చెక్కల మధ్య తూకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒత్తు చెక్కల్లో జల్లు తీసినది తీయనిదానికంటే మెరుగ్గా వచ్చింది, కండె కట్టని మొక్కలు తక్కువ కనిపించాయి. కానీ ఆ మెరుగైన తూకం కూడా మామూలు దూరంలో జల్లుతోనే ఉన్న చెక్కను దాటలేదు. అంటే విత్తనం ఎక్కువ పోసి, దాని మీద కూలీ పెట్టి, చివరికి మామూలుగా వేసినవాడి దగ్గరికే చేరాను. ఇది ఒక్క ఏడాది, ఒక్క చేను. దీన్ని శాస్త్రం అనను. కానీ నా చేలో జల్లు పీకే ఆలోచన ఆ రోజుతో పోయింది.

అందుకే మీరు ఆలోచించాల్సింది దూరం గురించి. మన దగ్గర సిఫారసు 60 సెంటీమీటర్ల సాళ్లు, మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు. అంటే ఎకరాకు 33 వేల పైచిలుకు. సాళ్లు 75 సెంటీమీటర్లయితే దాదాపు 27 వేలు. ఈ రెండింటి మధ్య మీ రకం, మీ నీళ్లు, మీ ఎరువు ఎక్కడ నిలబెడితే అక్కడ. ఆకులు నిటారుగా ఉండే పొట్టి రకాలు 33 వేలను తట్టుకుంటాయి. వెడల్పాటి ఆకులు కిందికి వాలే రకాలు అంత తట్టుకోలేవు.

లెక్క ఇలా చూడండి. 27 వేల మొక్కలు, మొక్కకు 125 గ్రాముల గింజ వస్తే దాదాపు 34 క్వింటాళ్లు. 33 వేల మొక్కలై, ఒత్తిడికి కండె చిన్నదై మొక్కకు 108 గ్రాములే వస్తే 35 క్వింటాళ్ల అరవై కిలోలు. 42 వేల మొక్కలై 80 గ్రాములకు పడిపోతే 33 క్వింటాళ్ల అరవై కిలోలు. మొక్కలు పెరిగేకొద్దీ కండె తగ్గుతుంది. కొంతదూరం దాకా సంఖ్య గెలుస్తుంది, ఆ తర్వాత కండె ఓడిస్తుంది. ఈ గ్రాములు నేను అర్థం కావడానికి వేసుకున్నవే, మీ చేలో వేరుగా ఉండొచ్చు. పైగా 42 వేల చేలో కండే కట్టని మొక్కలు, గాలికి పడిపోయేవి, పూత దశలో నీళ్లు తగ్గి మసికుళ్లు పట్టేవి ఈ లెక్కలో లేవు. ఒత్తు చేలో కాండాలు సన్నబడతాయి. ఏప్రిల్‌లో ఒక్క గాలివాన చాలు.

అమెరికాలో డోనాల్డ్ డువిక్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు పాత హైబ్రిడ్లనూ కొత్త హైబ్రిడ్లనూ పక్కపక్కనే వేసి పోల్చాడు. 1930లలో అక్కడ ఎకరాకు పన్నెండు వేల దాకా మొక్కలుండేవి, ఇప్పుడు ముప్పై వేలు దాటాయి. ఆయనకు తేలిందేమిటంటే, మొక్కలు పలచగా ఉండి ఏ ఇబ్బందీ లేనప్పుడు ఒక్కో మొక్క ఇచ్చే దిగుబడి పెద్దగా పెరగలేదు, గుంపులో తట్టుకునే శక్తి పెరిగింది. కొత్త రకాల ఆకులు నిటారుగా అయ్యాయి. జల్లు చిన్నదైంది. ఇది చదివినప్పుడు నాకు చాలా సంతోషమనిపించింది. మనం చేత్తో పీకాలనుకుంటున్న జల్లును విత్తనం చేసేవాళ్లు ముందే సగం తగ్గించేశారు. ఇప్పటి హైబ్రిడ్‌లో పీకినా మిగిలేది కొంచెమే.

మన జీరో టిల్లేజ్ (దున్నకుండా విత్తే) చేలల్లో మొత్తం సంఖ్య కంటే ఇంకో ఇబ్బంది ఉంది. తాడు పట్టి, కర్రతో గుంటలు పొడిచి విత్తనం వేయిస్తాం. మొలవదేమోనన్న భయంతో గుంటకు రెండేసి వేస్తారు. రెండూ మొలుస్తాయి, ఒక్కటీ తీయం. ఎకరాకు లెక్క చూస్తే 35 వేలే అనిపించొచ్చు, కానీ ఒకచోట జంట, పక్కన ఖాళీ. జంటలో వెనకబడిన మొక్కకు వేలెడంత కండె వస్తుంది, లేదా అదీ రాదు. అది మీ యూరియా తింటుంది, మీ నీళ్లు తాగుతుంది, గింజ ఇవ్వదు. వారం ఆలస్యంగా మొలిచిన మొక్క కూడా అంతే. ఇలాంటి మొక్కను నేను కలుపుగానే చూస్తాను. పది పన్నెండు రోజులకే ఒత్తు తీయాలని అందుకే అంటారు. మా ఆవిడ ప్రతి ఏడాదీ దగ్గరుండి ఈ పని చేయిస్తుంది. పచ్చని మొక్క పీకాలంటే నాకే చేతులు రావు, ఆవిడకు ఆ మొహమాటం లేదు.

మీరు రేపు ఉదయం చేయాల్సింది, ఒక తాడు 22 అడుగులు కొలిచి తీసుకెళ్లండి. మీ సాళ్లు 60 సెంటీమీటర్లయితే ఒక సాలు వెంట తాడు పరిచి మొక్కలు లెక్కపెట్టండి. ఎన్ని వస్తే ఎకరాకు అన్ని వేలు. సాళ్లు 75 అయితే తాడు పదిహేడు ముప్పావు అడుగులు. గట్ల పక్కన కాకుండా చేలో ఎనిమిది పది చోట్ల చూసి సగటు తీయండి. జంటలెన్ని, ఖాళీలెన్ని కూడా రాసుకోండి. 33, 34 లోపు ఉంటే జంటలు మాత్రం విడదీయండి. 38, 40 ఉంటే బలహీనమైన మొక్కలన్నీ తీసేయండి. మూడు వారాల పైరును పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది, అందుకని కొడవలితో కాస్త మట్టిలోపలికే కోయండి. పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. కోసింది గేదెలకు మంచి మేత, అయితే కత్తెర పురుగుకు మందు కొట్టి ఉంటే మాత్రం వేయకండి.

మొక్కలు కాస్త ఎక్కువే ఉంచదలచుకుంటే ఎరువూ నీళ్లూ అందుకు తగ్గట్టు ఉండాలి. యూరియా మోకాలెత్తులో ఒకసారి, జల్లు బయటపడే ముందు ఒకసారి తప్పకుండా పడాలి. ఆ రెండో దఫాను చాలామంది ఎగ్గొడతారు, చేలోకి దిగడం కష్టమని. పీచుకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు, కండెలో ఎన్ని గింజలు నిలుస్తాయో అప్పుడే తేలిపోతుంది. మీ పైరు మార్చి మొదట్లో పూతకొస్తుంది. కాలువ నీళ్లు అప్పటికి ఎలా ఉంటాయో ఇప్పుడే కనుక్కోండి. బోరు మీదే ఆధారపడాల్సి వస్తే మొక్కలు 30 వేలకు తగ్గించడమే మంచిది. జల్లు కూలీకి అనుకున్న డబ్బు ఆ సమయంలో ఒక తడి నీళ్లకు పెట్టండి, నిజంగా గింజ కనిపిస్తుంది.

ఇంత చెప్పినా ఒకసారి చూడాలని ఉంటే, చేను మధ్యలో పది సెంట్లు చాలు. వరస విడిచి వరస మాత్రమే. ఒక మొక్క జల్లులో లక్షల పుప్పొడి రేణువులుంటాయి, చల్లని వాతావరణంలో సగం వరసల జల్లు చేనంతటికీ సరిపోతుంది. కానీ మార్చి ఎండలో ఆ ధైర్యం నేను ఇవ్వలేను. పూత వారంలో పగటి ఎండ 36, 37 డిగ్రీలు దాటుతుందని వాతావరణం వాళ్లు చెబితే ఆ పది సెంట్లు కూడా ముట్టుకోకండి. అక్టోబరు, నవంబరులో వేసి డిసెంబరు, జనవరిలో పూతకొచ్చే పైరులో చూసుకోవచ్చు.

ఇంకో మాట. పశువులున్నవాళ్లు మొక్కలో కండెకు పైనున్న భాగం మేతకు కోస్తుంటారు, దాన్నీ దీన్నీ కలిపేయకండి. మేతకు కోసేది గింజ గట్టిపడి, కండె పైతొడుగు పసుపు తిరిగాక. గింజ కండెకు అంటుకునే కొన దగ్గర నల్లటి చుక్క ఏర్పడిందేమో ఒలిచి చూడండి. ఆ చుక్క వచ్చిందంటే గింజకు ఇక తిండి అందదు, ఆకులు తీసినా నష్టం లేదు. దానికి ముందు కోస్తే తూకం పోతుంది. లెక్కపెట్టాక మీ సగటు ఎంత వచ్చిందో, ఏ రకం వేశారో ఇక్కడ రాయండి, ఎన్ని తీయాలో కలిసి చూద్దాం.